తోలు వాసనను పరిమళం అనాలా?

సందేహం: ఈమధ్య జగదాంబ కూడలి దగ్గర తక్కువ ధరకే ఒక సెంటు కొన్నాను. ముందు కొత్త తోలు సంచి తెరిచినట్టు ఉంటుంది, కాసేపటికి తీపి తేలుతుంది. సాయంత్రాలు బీచ్ రోడ్డుకు షికారు వెళ్లేటప్పుడు వాడుతున్నాను. ‘తియ్యని తోలు వాసన గల సెంటు కొట్టుకున్నాను’ అని మిత్రులకు రాస్తే, వాసన అంటే కంపు కదా, పరిమళం అనాలని ఒకరన్నారు. తీపి నాలుకకే గాని ముక్కుకు ఉండదని మరొకరన్నారు. ‘కొట్టుకోవడం’ మోటు అని ఇంకొకరు. ఏది సరి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: ‘తియ్యని తోలు వాసన’ చక్కని తెలుగు. మార్చకండి.

సంస్కృతంలో ‘వాసనం’ అంటే సువాసన పట్టించడం. నువ్వుల మీద మల్లెలు పరిచి, అవి వాడగానే కొత్తవి మార్చి, ఆ నువ్వులను గానుగాడితే నూనెకు అబ్బేది వాసన. గడిచిన జన్మల అనుభవాలు మనసును అంటిపెట్టుకుని ఉంటాయనుకున్నారు కనుక వాటినీ వాసనలే అన్నారు. ‘నాలుగు తరాలుగా ఆ ఇంట చదువు వాసన ఉంది’ అంటే మెచ్చుకోలే కదా.

అయితే మీ మిత్రుడి అనుమానం ఊరకే పుట్టింది కాదు. ముందు ఏ విశేషణమూ లేకుండా ‘అన్నం వాసన వస్తోంది’ అంటే అది పాడైందని అర్థం. ‘వాసన కొడుతోంది’ అంటే ఇక అడగనక్కరలేదు. విశేషణం చేరగానే మాట నిలదొక్కుకుంటుంది. పచ్చి వాసన, కమురు వాసన, మట్టి వాసన అన్నప్పుడు మంచిచెడ్డలు తేల్చేది ముందున్న మాటే. చేపలరేవు దగ్గరి నీచు వాసనకూ సింహాచలం సంపెంగల వాసనకూ మీ ఊళ్లో ఒకే నామవాచకం సరిపోతోంది. మీరు ‘తియ్యని’, ‘తోలు’ అని రెండు మాటలు ముందుంచారు, కాబట్టి అపార్థానికి తావు లేదు.

ఈ విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. ‘కంపు’ కూడా ఒకప్పుడు మంచి మాటే. పాత కావ్యాల్లో పూలకూ కస్తూరికీ కంపు ఉండేది. కన్నడిగులు నేటికీ సువాసననే కంపు అంటారు. మనం దాన్ని మురుగుకాలువ పాలు చేశాం. ‘తావి’ పద్యాల్లోనూ ‘బంగారానికి తావి అబ్బినట్టు’ అనే సామెతలోనూ మిగిలింది. ‘గంధం’ అరగదీసిన చందనానికే పరిమితమైంది. సింహాద్రి అప్పన్న ఒంటిమీద ఏడాది పొడవునా ఉండి అక్షయ తృతీయ నాడు ఒలిచేదే ఇప్పుడు మనకు తెలిసిన గంధం. ఇక వాసననూ పోగొట్టుకుంటే, ముక్కుకు తెలిసినదాన్ని మెచ్చకుండా, తిట్టకుండా చెప్పడానికి తెలుగులో మాటే ఉండదు.

పరిమళం సంగతి వేరు. నలిపినప్పుడు పుట్టి మనసును హరించే గంధం పరిమళమనీ, అది మరీ దూరం వ్యాపిస్తే ఆమోదమనీ అమరకోశం చెబుతుంది. సెంట్లు వాడేవారికి ఈ తేడా బాగా పనికొస్తుంది. మణికట్టును ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే తెలిసేది ఒకటి, పక్కన నడిచేవారికి ముందే తెలిసిపోయేది ఇంకొకటి. విశాఖ ఉక్కపోతలో తీపి సెంట్లు త్వరగా రెండో రకంలోకి దిగుతాయి. ఒకసారి చల్లుకుని, అందులోని ఆల్కహాలు ఆవిరై అసలు వాసన తేలేదాకా అరగంట ఆగి చూడండి. మీ సెంటును పరిమళం అన్నా తప్పు లేదు గాని, అది మెచ్చుకోలు మాత్రమే అవుతుంది. ఏ వాసనో ఎదుటివారికి తెలియదు.

‘తోలు’ను కూడా వదలకండి. సీసాలో తోలు ఏమీ ఉండదు. బర్చ్ చెట్టు బెరడు తారు, స్టైరాక్స్ బంక, ప్రయోగశాలలో చేసిన క్వినోలిన్ జాతి పదార్థాలు కలిసి ముక్కుకు తోలును స్ఫురింపజేస్తాయి. పదును చేసిన తోలుకు అంటిన దుర్గంధాన్ని కప్పడానికి ఐరోపాలో చేతితొడుగులకు సువాసనలు పట్టించేవారు. ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణం తోళ్ల పని నుంచి సుగంధాల పనికి మళ్లింది అలాగే. 1614లో పారిస్‌లో ఈ రెండు పనులూ చేసేవారి సంఘానికి రాజముద్ర కూడా పడింది. మీ సెంటులోని తీపి బహుశా వెనిలా వాసననిచ్చే వెనిలిన్ అనే పదార్థానిది. దాన్ని 1874లో ప్రయోగశాలలో తయారు చేశారు. తక్కువ ధరకు ఇలాంటి సెంట్లు దొరకడానికి ఆ కృత్రిమ పదార్థాలే కారణం.

తీపి నాలుకకే అన్నవారు పులిసిన పిండి ‘పుల్లటి వాసన’ను ఏమంటారు? అనకాపల్లి వైపు బెల్లం వండే రోజుల్లో పొయ్యి మీది చెరకు పాకం ఊరంతటికీ తియ్యగానే తెలుస్తుంది. రుచి మాటలను ముక్కుకూ చెవికీ ఇవ్వడం తెలుగుకు అలవాటు. ‘కమ్మని’ అనే మాట పప్పుకూ పువ్వుకూ పాటకూ చెల్లుతుంది. తోలుకు మాత్రం ‘కమ్మని’ నప్పదు, ‘తియ్యని’ నప్పింది.

మూడో మిత్రుడి మాటలో కొంత న్యాయం ఉంది. గంధం పూసుకుంటాం, అత్తరు రాసుకుంటాం, పన్నీరు చల్లుకుంటాం. మీట నొక్కి చిమ్మే సీసాలు వచ్చాక, పొలానికి మందు కొట్టినట్టే సెంటునూ కొట్టుకుంటున్నాం. మాట్లాడేటప్పుడు ఇది తప్పు కాదు. కానీ రాతలో ‘వాసన’ పక్కనే ‘కొట్టు’ పడితే, పైన చెప్పిన చెడ్డ అర్థం తొంగిచూస్తుంది. కనుక మీ వాక్యంలో ఆ ఒక్క క్రియను మార్చి, ‘తియ్యని తోలు వాసన గల సెంటు చల్లుకున్నాను’ అని రాయండి.