ఆపరేషన్‌కు బయటి రక్తం ఎక్కించుకోవాల్సిందేనా?

ప్రశ్న: నా వయసు 43. మాది పలమనేరు. గర్భసంచిలో గడ్డల వల్ల నెలసరిలో రక్తం విపరీతంగా పోతోంది. వచ్చే నెల తిరుపతిలో ఆపరేషన్. హిమోగ్లోబిన్ 8.4 ఉంది, రెండు యూనిట్ల రక్తం సిద్ధం చేసుకోమన్నారు. బయటివాళ్ల రక్తమంటే టెన్షన్‌గా ఉంది. మా తమ్ముడిది ఎక్కించుకోవచ్చా?

జవాబు: అమ్మా, సిద్ధం చేసుకోమన్నంత మాత్రాన ఎక్కించి తీరతారని కాదు. రక్తం ఎక్కువ పోతే అప్పటికప్పుడు వెతుక్కునే పరిస్థితి రాకూడదని ముందుజాగ్రత్త, అంతే. నిలకడగా ఉన్నవారికి మామూలుగా హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితేనే ఎక్కిస్తాం. గుండెజబ్బు ఉంటే 8 దగ్గరే ఆలోచిస్తాం. రక్తం ధారగా పోతుంటే మాత్రం అంకె చూస్తూ కూర్చోం. ఒక యూనిట్‌తో సుమారు 1 గ్రాము పెరుగుతుంది కాబట్టి, ఒకటి ఎక్కించి చూశాకే రెండోదాని సంగతి.

మీ చేతిలో ఇంకా నెల ఉంది. దాన్ని వదులుకోవద్దు. మీకు ఐరన్ లోపం ఉండే అవకాశం ఎక్కువ, ఫెరిటిన్ పరీక్షలో తెలుస్తుంది. ఈ కొద్ది వ్యవధిలో మాత్రలు సరిపోకపోవచ్చు. నరం ద్వారా ఇచ్చే ఐరన్ గురించి, నెలసరిలో రక్తస్రావం తగ్గించే మందుల గురించి మీ గైనకాలజిస్టును ఈ వారమే అడగండి. దానిమ్మ, బీట్‌రూట్ తినండి, కానీ ఇంత లోటు వాటితో పూడదు.

తమ్ముడి రక్తం వద్దు. సొంతవాళ్లదైతే భయం లేదని చాలామంది నమ్ముతారు గానీ, తోబుట్టువుల రక్తంలోని తెల్లకణాలు ఒంట్లో నిలిచిపోయి మీ కణాల మీదే దాడి చేసే ప్రమాదం ఉంది. అరుదే, కానీ వస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆయన్ను తిరుపతిలోని రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్ ఆసుపత్రిలోనో రక్తనిధిలో దానం చేయమనండి, ఇంకొకరికి పనికొస్తుంది.

రక్తనిధిలో ప్రతి యూనిట్‌కూ హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. దాతకు ఇన్ఫెక్షన్ సోకిన తొలి రోజుల్లో పరీక్షకు దొరక్కపోవచ్చు. ఆ కొద్దిపాటి ముప్పు ఉన్నమాట నిజం. నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం గ్రూపు తారుమారు కావడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. రక్తం ఎక్కించే ముందు సంచి మీద గ్రూపు, మీ పేరు సరిచూశారా అని మీవాళ్లను అడగమనండి. మొదటి 15 నిమిషాలు పక్కనే ఉండాలి. చలి, దద్దుర్లు, నడుంనొప్పి, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా వెంటనే నర్సును పిలవాలి.

నెలలో హిమోగ్లోబిన్ తగినంత పెరగకపోతే, రక్తస్రావం అదుపులో ఉన్నంతవరకు ఆపరేషన్‌ను రెండు మూడు వారాలు వాయిదా వేయవచ్చేమో మీ డాక్టర్‌ను అడగండి. ఈలోగా కళ్లు తిరిగినా, గంట గంటకూ ప్యాడ్ మార్చాల్సి వచ్చినా తేదీ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.