ఎన్‌ఎల్‌ఆర్ 14 ఉంటే మనిషి దక్కరా? మా నాన్నకు 18 దాటింది

పేగులకు రక్తం ఆగిపోయి ఆపరేషనైన మీ అత్తగారికి సీబీసీలో (రక్తకణాల లెక్క పరీక్ష) ఎన్‌ఎల్‌ఆర్, అంటే రెండు రకాల తెల్లకణాల నిష్పత్తి, 14 వచ్చిందనీ, అంత ఉంటే ఆశ వదులుకోమని ఎవరో అన్నారనీ రాశారు. ఆ మాట చెవిన పెట్టకండి. మా నాన్నకు 18 దాటింది. ఇవాళ పొద్దున్న కూడా కవిటి దగ్గర కొబ్బరితోటలో దింపు తీయిస్తున్నారు.

మూడేళ్ల కిందట, సంక్రాంతి వెళ్లిన వారం. రాత్రి తిని పడుకున్న మనిషి ఒంటిగంటకు లేచి "పేగులు పిండేత్తున్నట్టుందిరా" అన్నారు. నొప్పి అని ఏనాడూ నోరెత్తని ఆయన మంచంకోడు పట్టుకుని మెలికలు తిరిగిపోయారు. దగ్గర్లోని ఆసుపత్రిలో పొట్ట నొక్కి చూసి, మెత్తగానే ఉంది, గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి పంపేశారు. మా వైపు గుండెపోటు కూడా ముందు గ్యాసే! పొట్ట మెత్తగా ఉండి నొప్పి మాత్రం ప్రాణం తోడేస్తుంటే ఈ జబ్బునే అనుమానించాలి. పొట్ట గట్టిపడేదాకా ఆగితే అప్పటికే పేగు కుళ్లిపోయి ఉంటుంది.

ఐదింటికి బరంపురం చేరాం. డ్యూటీలో ఉన్న ఒడియా కుర్ర డాక్టరు పొట్టకన్నా ముందు నాన్న చెయ్యి అందుకున్నాడు. గడియారం చూస్తూ నిమిషం నిండా నాడి పట్టుకుని, "లయ తప్పుతోంది, రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నారా?" అని అడిగాడు. పన్ను తీయించుకోడానికి ఆపిన మాత్ర మళ్లీ మొదలుపెట్టలేదు. మొదలుపెట్టమని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. లయ తప్పిన గుండెలో కట్టిన రక్తపు గడ్డ జారి పేగుల ధమనిలో ఇరుక్కుంది.

ఈలోగా రిపోర్టు వచ్చింది. తెల్లకణాలు 22,400. న్యూట్రోఫిల్స్ 91 శాతం, లింఫోసైట్స్ 5. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఎన్‌ఎల్‌ఆర్. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9, ఉండాల్సినదానికన్నా ఎక్కువ. మాది ఉద్దానం, కిడ్నీ అంటేనే హడలు. రక్తనాళాలు కనబడే మందు ఎక్కించి సీటీ స్కాన్ తీస్తే కిడ్నీ పోతుందేమో, ఆగుదామన్నారు ఒకరు. కుర్ర డాక్టరు ఒప్పుకోలేదు. "కిడ్నీకి డయాలసిస్ ఉంది, చచ్చిన పేగుకి ఏముంది?" అని స్ట్రెచర్ తనే తోసుకెళ్లాడు. ఎనిమిదింటికల్లా ఆపరేషన్. గడ్డ తీశారు, రెండడుగుల పేగు కోసేశారు, మర్నాడు మళ్లీ తెరిచి మిగతాది ఎర్రగా ఉందో లేదో చూశారు.

పక్క మంచం మీద సోంపేట నుంచి వచ్చిన పెద్దమ్మ. అదే జబ్బు. ఆమె ఎన్‌ఎల్‌ఆర్ 9 అని వాళ్లబ్బాయి ధైర్యంగా ఉన్నాడు. రెండు రోజులు ఇంట్లో వాము నీళ్లు తాగించి తెచ్చారు. ఆమె దక్కలేదు.

అందుకే గట్టిగా చెబుతున్నా, చంపేది అంకె కాదు, జాప్యం. రక్తం పూర్తిగా ఆగితే ఆరు గంటల్లోనే పేగు గోడ తిరిగి కోలుకోలేనంత దెబ్బతినొచ్చు. ఒంటికి పెద్ద కష్టం వస్తే న్యూట్రోఫిల్స్ పెరిగి లింఫోసైట్స్ పడిపోతాయి. అపెండిసైటిస్‌లోనూ, న్యుమోనియాలోనూ, స్టెరాయిడ్ వాడినా అంతే. ఇలాగే ఆర్‌డీడబ్ల్యూ (ఎర్రకణాల సైజుల్లో తేడా), లింఫోసైట్స్‌తో ప్లేట్‌లెట్ల నిష్పత్తి కూడా చూస్తారు. పోయినవాళ్లలో ఇవి సగటున ఎక్కువే ఉన్నాయని అధ్యయనాలు చెబుతున్నాయి, కాదనను. కానీ చాలావరకు చిన్నవి, పాత కేసు షీట్లు తిరగేసి చేసినవి. ఎంత దాటితే ప్రమాదమన్నది ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు. మొదటి గంటల్లో లాక్టేట్ (ఒంట్లో రక్తం సరిగా అందనప్పుడు పెరిగేది) కూడా మామూలుగానే ఉండి మోసం చేస్తుంది. గడ్డ ఎక్కడుందో త్వరగా, నమ్మకంగా చూపించేది సీటీ యాంజియో, అంటే మందు ఎక్కించి రక్తనాళాలు చూసే ఆ స్కానే.

మీ అత్తగారి విషయంలో 14 పట్టుకుని కూర్చోకండి. రేపటి సీబీసీలో అది తగ్గుతోందా, లాక్టేట్ దిగుతోందా, మూత్రం ఎంత వస్తోంది, మళ్లీ పొట్ట తెరిచి చూస్తారా, ఇవి అడగండి. ఆమె నాడి లయ గురించి మీరేమీ రాయలేదు. అది ముందు కనుక్కోండి.