కోడలి అడుగుకీ, కొడుకు నడుముకీ లంకె ఏమిటి?

ప్రశ్న: మాది హైదరాబాద్. పెళ్లయి 14 నెలలు. మావారు ప్రొఫెషనల్ గోల్ఫర్, మంచి భవిష్యత్తు ఉందని అందరూ అనేవారు. పెళ్లయిన ఆరు నెలలకు నడుము పట్టేసింది. డిస్క్ సమస్య అన్నారు. అప్పటినుంచి ఆట లేదు. రాత్రంతా ఫోన్లో తోటివాళ్ల స్కోర్లు చూస్తూ కూర్చుంటారు. మా అత్తగారేమో ‘ఏ వేళ అడుగుపెట్టిందో’ అంటారు. ఈయన పక్కనే ఉండి నోరు విప్పరు. ఇల్లు నా జీతంతోనే నడుస్తోంది. కోచ్‌గా మారొచ్చు కదా అంటే రెండు రోజులు మాట్లాడలేదు.

జవాబు: ముందు ఆ అడుగు సంగతి తేలుద్దాం. గోల్ఫ్ చూసేవాళ్లకి నెమ్మదైన ఆట, ఆడేవాళ్ల నడుముకు మాత్రం కాదు. తుంటి బిగబట్టి, భుజాలు మెలితిప్పి ఒక్కసారిగా వదలాలి. అదీ ఎప్పుడూ ఒకే వైపు. పోటీలో రోజుకు 70 చిల్లర షాట్లే అయినా ప్రాక్టీసులో కొట్టేవి వందల బంతులు. ప్రొఫెషనల్స్‌ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి నడుము, మణికట్టే. మీ పెళ్లికి ముహూర్తం పెట్టకముందే ఆ డిస్క్ అరగడం మొదలై ఉంటుంది.

ఈ మాట అత్తగారితో మీరు అనకండి, ఎదురు చెప్పినట్టవుతుంది. ‘అమ్మా, నా నడుముకు తనను అనొద్దు’ అని ఆయనే అనాలి. నొప్పితో ఉన్నారు కదా అని ఈ విషయంలో మాత్రం ఆయన్ని వదిలేయకండి.

కోచింగ్ సలహా మంచిదే, వేళే కుదరలేదు. ‘నీ ఆట అయిపోయింది’ అని ఆయన చెవికి వినపడింది. ఈ ఆటలో జీతం ఉండదు. ప్రయాణం, హోటల్, బ్యాగు మోసే సహాయకుడి (కేడీ) ఖర్చు సొంతం. రెండు రౌండ్ల తర్వాత కట్ (పోటీలో కొనసాగడానికి కావాల్సిన స్కోరు) దాటకపోతే సాధారణంగా పైసా రాదు. అలా నెగ్గుకొచ్చిన మనిషికి భార్య జీతం మీద ఇంట్లో కూర్చోవడం చిన్నతనంగా ఉంటుంది.

చుట్టాలు టైగర్ వుడ్స్ పేరు ఎత్తే ఉంటారు. నాలుగు వెన్ను ఆపరేషన్ల తర్వాత 2019లో మాస్టర్స్ టోర్నీ గెలిచింది నిజమే. కానీ అప్పటికే ఆయన ఖాతాలో 14 మేజర్లు (గోల్ఫ్‌లో అతి పెద్ద టోర్నీల టైటిళ్లు) ఉన్నాయి! మీవారి ముందు ఆ పోలిక వద్దు. నాకైతే ఆంథొనీ కిమ్ గుర్తొస్తారు. పాతికేళ్లు నిండకముందే అమెరికాలోని ప్రధాన గోల్ఫ్ పోటీలైన పీజీఏ టూర్‌లో మూడు టైటిళ్లు గెలిచిన అమెరికన్. 2012లో మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ గాయంతో ఆటకు దూరమై, మళ్లీ 2024లో గానీ కనిపించలేదు. మత్తుకు అలవాటు పడిన సంగతి తర్వాత తనే చెప్పుకున్నారు. మిమ్మల్ని భయపెట్టాలని కాదు. మీవారి నిద్ర, తిండి, పెయిన్‌కిల్లర్లు, మందు మీద ఓ కన్నేసి ఉంచండి. బతికి ఏం లాభం లాంటి మాట ఒక్కటి వచ్చినా ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్ట్‌ను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

స్పైన్ డాక్టర్ దగ్గరకు ఈసారి ఇద్దరూ కలిసి వెళ్లండి. పూర్తి స్వింగ్ ఎప్పటికి కుదురుతుందో, ఈలోపు పటింగైనా (బంతిని మెల్లగా గుంతలోకి కొట్టడం) చేయొచ్చో లేదో అడగండి. (వంగి నిలబడటం కూడా కొందరి నడుముకు పడదు.) మళ్లీ చూపించుకునే తేదీ రాయించుకోండి. అప్పటిదాకా కోచింగ్ ఊసెత్తకండి.

వీలైతే అత్తగారిని కూడా తీసుకెళ్లండి. ఎమ్మారై ఫిల్ము లైటుకు పెట్టి డాక్టరు ఆ డిస్క్‌ను చూపిస్తే, ఇది ఎప్పటినుంచి ఉందని ఆవిడే అడుగుతారు.