ఒంటరిగా ఉంటానంటున్న అమ్మకు, తక్కువ ఖర్చులో ఇంట్లో ఏ ఏర్పాట్లు చేయాలి?

మీరు కువైట్‌లో పనిలో ఉన్నారు, అన్నయ్య హైదరాబాద్‌లో. అమ్మగారికి 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, బీపీ, షుగర్. పి.గన్నవరం దగ్గర, గోదావరి పాయల మధ్య లంక ఊళ్లో రెండు గదుల ఇల్లు, మరుగుదొడ్డి దొడ్లో ఉంది. ఆశ్రమంలో చేర్పిద్దామని అన్నయ్య అంటున్నారు, ఇల్లు కదలనని అమ్మగారు అంటున్నారు. చేతిలో పెద్దగా డబ్బు లేదు, ఏం చేయాలని అడిగారు.

ఆవిడ లేచి తిరుగుతున్నారు, వండుకుంటున్నారు, మతిమరుపు లేదని రాశారు కాబట్టి ఉండగలరనే నా నమ్మకం. రాజోలు వైపు మా మేనత్త ఇలాగే ఉండేది. భర్త పోయాడు, పిల్లలు లేరు, పింఛనే ఆధారం. నేను అమలాపురంలో ఉంటూ ఆవిడని చూసుకున్నాను. చివరిదాకా తన ఇంట్లోనే ఉంది. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు మరుగుదొడ్డి సంగతి చూడండి. డబ్బు తక్కువగా ఉంటే మిగతావన్నీ ఆపి అయినా ఇది చేయించండి. రాత్రిపూట లేచి, చీకట్లో, పాకుడు పట్టిన చప్టా మీద నడిచేటప్పుడే పెద్దవాళ్లు పడిపోతారు. తుంటి ఎముక విరిగిందంటే ఒంటరిగా ఉండడం అక్కడితో ఆగిపోతుంది. వానాకాలం మన వైపు గచ్చు ఆరదు కదా, కాబట్టి వారానికోసారి బ్లీచింగ్ పౌడర్ వేసి గట్టి బ్రష్షుతో రుద్దించాలి. గుమ్మం నుంచి మరుగుదొడ్డి దాకా గరుకు సిమెంటుతో సన్నటి దారి పోయించండి. మేస్త్రి నున్నగా చేస్తానంటాడు, అస్సలు వద్దనండి. దారి పక్కన నడుము ఎత్తులో జి.ఐ. పైపు (జింకు పూసిన ఇనుప పైపు) పెట్టిస్తే పట్టుకుని నడవొచ్చు.

లోపల కూడా పైపు కావాలి. పంచాయతీ వాళ్లు కట్టించిన మరుగుదొడ్లలో చాలావాటికి గోడలు పలచన. ఆ గోడకు బోల్టులు కొట్టి పైపు బిగిస్తే, మనిషి బరువు పడగానే ఊడి వస్తుంది. నేలలో గుంత తీసి కాంక్రీటులో పైపు నిలబెట్టించండి. కింద కూర్చునే మరుగుదొడ్డి అయితే, దాని మీద పెట్టుకునే కమోడ్ స్టూల్ మందుల షాపుల్లో దొరుకుతుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషికి దానివల్ల ఎంత హాయో చెప్పలేను. తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించండి. లోపల పడిపోతే, లోపలికి తెరిచే తలుపుకు మనిషే అడ్డం పడుతుంది. గడియ కూడా బయటినుంచి తీయగలిగేదే ఉండాలి. కరెంటు పోయినా వెలిగే ఛార్జింగ్ బల్బు ఒకటి గదిలో, ఒకటి దారిలో పెట్టించండి.

నులక మంచం కుంగిపోయి ఉంటే లేవడమే పెద్ద యుద్ధం. కూర్చున్నప్పుడు పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్లు నడుం కన్నా పైకి రాకూడదు. అంత ఎత్తు వచ్చేలా మంచం కోళ్ల కింద గాడి తీసిన చెక్కదిమ్మలు పెట్టించండి. చేతికర్ర అడుగున రబ్బరు బుష్ అరిగిందేమో చూడమనండి.

మందుల విషయంలో రెండు అడగాలి. బీపీ మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువ వచ్చేలా చేస్తాయి. అవి రాత్రి వేసుకుంటే రాత్రంతా లేవాల్సిందే. పొద్దున్న వేసుకోవచ్చా అని డాక్టర్ని అడిగించండి. రెండోది, షుగర్ మాత్ర వేసుకుని అన్నం మానేయడం. ఒక్కదాని కోసం ఏం వండుకుంటాంలే అని మా అత్త ఇదే చేసేది. చెమటలు పట్టి, వణుకు వచ్చి, కళ్లు తిరిగేవి. మంచం పక్కన పంచదార డబ్బా పెట్టాం. అంతకన్నా ముఖ్యంగా రాత్రి భోజనం పక్కింటి నుంచి క్యారేజీలో వచ్చేలా మాట్లాడాం. ఎండుచేపలు, ఆవకాయ పూర్తిగా మాన్పించలేం, కానీ రోజూ అవే కూర అయితే బీపీ దిగదు. బీపీ, షుగర్ మందులు పీహెచ్‌సీలో, అంటే ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఉచితంగా ఇస్తారు, మీ ఊరి ఆశా కార్యకర్త ఫోన్ నంబరు మీ దగ్గర ఉండాలి.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. అమ్మగారి డబ్బు అమ్మగారి చేతిలోనే ఉండాలి. ఎన్టీఆర్ భరోసా పింఛను 4000 రూపాయలు ఒకటో తారీఖున ఇంటికే తెచ్చి ఇస్తారు. ఆ డబ్బు ఇంకెవరి చేతికీ వెళ్లకూడదు. మీరు పంపేది కూడా ఆవిడ ఖాతాలోకే పంపండి. పక్కింటావిడ క్యారేజీ తెచ్చి, పొద్దున్నే ఒకసారి పలకరించి, మరుగుదొడ్డి కడిగి వెళ్తే, ఆ నెల డబ్బు అమ్మగారే తన చేత్తో ఇవ్వాలి. మా అత్త అలా ఇచ్చేది కాబట్టే, కూర బాగోలేదని చెప్పగలిగేది, ఇవాళ ఆలస్యమైందేం అని అడగగలిగేది. ఊరికే చేయించుకుంటున్నాననే మనిషి కడుపు మాడినా నోరు విప్పదు. ఇంట్లో ఉండడం వేరు, ఇంటి యజమానురాలిగా ఉండడం వేరు. మీ అమ్మగారు కదలనంటున్నది ఆ రెండో దాని కోసమే అనుకుంటున్నాను.

ఇల్లు కూడా ఆవిడ పేరునే ఉంచండి. ఇప్పుడే రాసిచ్చేయమని ఎవరు అన్నా తొందరపడొద్దు. రాసివ్వక తప్పదనుకుంటే, పోషణ బాధ్యత చూడాలనే షరతు దస్తావేజులో రాయించండి. అలా రాయించి ఉంటే, చూడని పక్షంలో ఆ బదిలీ చెల్లదని ప్రకటించమని 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీఓ దగ్గర ఉండే ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. అన్నయ్య మీద అనుమానంతో చెప్పడం లేదు. ఎవరింట్లోనైనా ఇదే చెబుతాను.

70 దాటారు కాబట్టి ఆయుష్మాన్ వయ వందన కార్డు గురించి మీ ఊరి సచివాలయంలో అడగండి. ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి వైద్యం దాని ఉద్దేశం. 65 దాటినవాళ్లకు రేషన్ ఇంటికే ఇవ్వాలి, డీలర్‌కు గుర్తు చేయించండి. మీరు దూరాన ఉండి ఏమీ తోచనప్పుడు అడగడానికి 14567 అనే వృద్ధుల హెల్ప్‌లైన్ ఉంది.

లంక ఊరు కాబట్టి వరద మాట విడిగా చెప్పాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. ఊళ్లో కుర్రాళ్లు మూడోదాకా ఆగుతారు, వాళ్లు ఈదగలరు. మోకాళ్లు పట్టేసిన మనిషిని పడవ ఎక్కించడం ఎంత కష్టమో 2022 జులై వరదలో చూశాను. మొదటి హెచ్చరికకే బట్టలు సర్దించండి, రెండోదానికి ఎదురుచూడకుండా కాజ్‌వే (ఏటి పాయ మీది తక్కువ ఎత్తు రోడ్డు) దాటించేయండి. ఆధార్, బియ్యం కార్డు, బ్యాంకు పుస్తకం, నెల మందులు ఒకే ప్లాస్టిక్ కవర్లో, చేతికందే చోట ఉండాలి. ఎవరింటికి వెళ్లాలో ఎండాకాలంలోనే మాట్లాడి పెట్టుకోండి. పింఛను పోతుందని భయపడి కదలనంటే, రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తారని చెప్పండి.

అన్నయ్య భయం కూడా నిజమే. తనంతట తాను మంచం దిగలేని రోజు వచ్చినా, పొయ్యి మీద గిన్నె మర్చిపోవడం మొదలైనా, ఒంటరిగా ఉంచకూడదు. అప్పుడు రాత్రి తోడు పడుకునే మనిషి కావాలి, లేదా మీలో ఒకరి దగ్గరికి రావాలి. ఆ మాట ఇప్పుడే, ఆవిడ ఎదుటే, ముగ్గురూ అనుకోండి.

ఎవరిచేతనైనా మరుగుదొడ్డి ఫొటోలు తీయించి ఇక్కడ పెట్టండి, లోపలిదొకటి, గుమ్మం నుంచి దారి కనిపించేదొకటి. పైపు ఎక్కడ నిలబెట్టించాలో, మేస్త్రికి ఏం చెప్పాలో రాస్తాను.