పడవకు లైసెన్సు లేదు కాబట్టి తాగి నడిపినా నేరం కాదా?

ప్రశ్న: మాది తిరుపతి. నెల కిందట మా తమ్ముడు, అతని ఆఫీసువారు నలుగురు కలిసి తడ దగ్గర పులికాట్ సరస్సు చూడడానికి వెళ్లారు. చేపలు పట్టే ఒక ఇంజను పడవను మూడు వేలకు మాట్లాడుకున్నారు. అందరూ మద్యం తాగి ఉన్నారు. సరస్సు లోపలికి వెళ్లాక వారిలో ఒకతను సరదా పడి పడవవాడి చేతిలోంచి ఇంజను పిడి తీసుకున్నాడు. అతను అంతకుముందు ఎన్నడూ పడవ నడపలేదు. ఒక్కసారిగా వేగం పెంచి తిప్పడంతో పడవ బోల్తా పడింది. ఒక సహోద్యోగి చనిపోయాడు. పడవ అంచు మీద పడి మా తమ్ముడి తొడ ఎముక విరిగింది. ఎవరికీ లైఫ్ జాకెట్ లేదు. పోలీసులు పడవ యజమాని మీదే కేసు పెట్టారు. నడిపినతను మాత్రం 'పడవకు డ్రైవింగ్ లైసెన్సు అంటూ లేదు, ఇక నా నేరం ఎక్కడ?' అంటున్నాడు. అతని ఇంటివారు లక్ష రూపాయలు ఇస్తాం, రాజీ పత్రం మీద సంతకం పెట్టండి అంటున్నారు. మేము ఏం చేయాలి? నష్టపరిహారం ఎవరిని అడగాలి? అసలు బోటు నడిపేవారికి లైసెన్సు తప్పనిసరి చేయకూడదా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: రాజీ పత్రం మీద ఇప్పుడు సంతకం పెట్టవద్దు. ఎందుకో చివర చెబుతాను.

పడవ నడిపినతనికి ఎవరో సగం చట్టం చెప్పారు. లైసెన్సు లేకుండా నడపడం ఒక తప్పు, నిర్లక్ష్యంగా నడపడం వేరే తప్పు. రెండోదానికి మొదటిదానితో పని లేదు. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 282వ సెక్షన్ మనుషుల ప్రాణాలకు ముప్పు కలిగేలా దుడుకుగా, నిర్లక్ష్యంగా ఏ నౌకను నడిపినా శిక్షిస్తుంది. ఆరు నెలల వరకు జైలు, పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. నౌక అంటే పెద్ద ఓడే కానవసరం లేదు. నీటి మీద మనుషులనో సరుకునో మోయడానికి చేసిన ఏదైనా ఆ మాట కిందికి వస్తుంది, నాటు పడవతో సహా. ఇక మరణం జరిగింది కాబట్టి 106(1) ఉంది, ఐదేళ్ల వరకు జైలు. మీ తమ్ముడికి ఎముక విరిగింది కాబట్టి 125(బి) ఉంది, మూడేళ్ల వరకు. వీటిలో ఏ ఒక్కటీ నిందితుడి జేబులో లైసెన్సు ఉందా అని అడగదు.

మద్యం సంగతికి వద్దాం, అసలు చిక్కు ఇక్కడే ఉంది. రోడ్డు మీదైతే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ఉంది: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటి మద్యం ఉంటే అదే నేరం, ప్రమాదం జరగనవసరం లేదు. ఆ సెక్షన్ రోడ్డు మీద తిరిగే వాహనాలకే గాని పడవకు వర్తించదు. కాబట్టి నీటి మీద తాగి ఉండడం అనేది ప్రాసిక్యూషన్ చేతిలో నిర్లక్ష్యానికి సాక్ష్యంగా మాత్రమే పనికివస్తుంది. ఆ సాక్ష్యం సేకరించాలి. నిందితుడిని వైద్య పరీక్షకు పంపి రక్తం తీయించే అధికారం నేర విచారణ విధానం చెప్పే నాగరిక సురక్షా సంహిత 51వ సెక్షన్ కింద పోలీసులకు ఉంది, కానీ ఒడ్డున ఏడుపులు, వెతుకులాట నడుస్తుండగా ఆ పని ఎవరికి గుర్తుంటుంది? మీ విషయంలో నెల గడిచింది, ఇప్పుడు రక్తంలో వెతికి లాభం లేదు. ఆ రోజు తీసిన ఫోను వీడియోలు, వాట్సాప్ ఫొటోలు, మద్యం కొన్న బిల్లు, బతికి బయటపడినవారి వాంగ్మూలాలు, పోస్టుమార్టం నివేదిక, మీ తమ్ముడి ఆసుపత్రి రికార్డు, ఇవే మిగిలిన ఆధారాలు. వీడియోలను ఎవరూ చెరిపేయకుండా చూడండి. ఫోనులోని వీడియో కోర్టులో చెల్లాలంటే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జత చేయాలి. మీ న్యాయవాదికి ఇది ముందే గుర్తు చేయండి, చాలా కేసులు ఇలాంటి చిన్న కాగితం దగ్గరే ఆగిపోతాయి.

'మత్తులో ఉన్నాను, ఏమవుతుందో తెలియలేదు' అనే వాదన రేపు తప్పకుండా వస్తుంది. న్యాయ సంహిత 24వ సెక్షన్ దానికి జవాబు. తన ఇష్టంతో తాగినవాడికి, తాగకుండా ఉంటే ఎంత తెలిసి ఉండేదో అంతా తెలిసినట్లే చట్టం లెక్క వేస్తుంది. అంతేకాదు, ముంబయి కార్టర్ రోడ్డులో తాగి కారు నడిపి ఏడుగురు కూలీల మరణానికి కారణమైన అలిస్టర్ ఆంథొనీ పరేరా కేసులో 2012లో సుప్రీంకోర్టు అది ఉత్త నిర్లక్ష్యం కాదని, ప్రాణం పోవచ్చని తెలిసి చేసిన పని అని తేల్చింది. నేటి భాషలో అది 105వ సెక్షన్, పదేళ్ల వరకు జైలు. అది రోడ్డు కేసు. తాగి, ఏమాత్రం అనుభవం లేకుండా, జాకెట్లు లేని మనుషులతో నిండిన పడవను సరస్సు మధ్యలో గిరగిరా తిప్పినవాడికి కూడా అదే తర్కం వర్తించాలని వాదించవచ్చు. గెలుస్తామని హామీ ఇవ్వలేను, కానీ వాదించదగిన అంశమే.

కాబట్టి మీ తమ్ముడు, చనిపోయిన వ్యక్తి కుటుంబం కలిసి దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి: పడవను నడిపిన వ్యక్తిని నిందితుడిగా చేర్చాలని, ఈ సెక్షన్లను చేర్చాలని కోరండి. స్పందన లేకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి. అప్పటికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లే దారి ఉంది. దీని అర్థం పడవ యజమాని బయటపడతాడని కాదు. డబ్బు తీసుకుని ఎక్కించుకున్నాడు, జాకెట్లు ఇవ్వలేదు, మత్తులో ఉన్నవాడి చేతికి ఇంజను అప్పగించాడు. పడవ సరిగా లేకపోయినా, మోయగలిగినదానికంటే ఎక్కువమందిని ఎక్కించినా 284వ సెక్షన్ కూడా పడుతుంది. అయితే 'పడవ తిప్పింది నేను కాదు కదా' అని ఆయన న్యాయవాది అంటారు. మరణానికి నేరుగా కారణమైనవాడినే శిక్షించాలన్న పాత తీర్పులూ చూపిస్తారు. అందుకే ఒక్క యజమాని మీదే కేసు నిలబెట్టడం మీకు ప్రమాదకరం.

ఇక డబ్బు. మా ఆఫీసుకు వచ్చేవారిలో చాలామంది 'ఇంజను ఉంది కదా, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వేద్దాం' అంటారు. కుదరదు. ఆ ట్రిబ్యునల్ రోడ్డు వాహనాలకే పరిమితం. మీకు రెండు దారులు ఉన్నాయి.

మొదటిది వినియోగదారుల కమిషన్. పడవకు కిరాయి చెల్లించారు కాబట్టి మీ తమ్ముడు వినియోగదారుడు, పడవ యజమాని సేవ అందించినవాడు. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే ఊరి కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, సరస్సు దగ్గరకు పోనవసరం లేదు. ఇంకో సౌకర్యం ఉంది. ఏ స్థాయి కమిషన్, ఎంత ఫీజు అనేది మీరు కోరే పరిహారాన్ని బట్టి కాదు, సేవకు చెల్లించిన మొత్తాన్ని బట్టి నిర్ణయిస్తారు. మీరు కట్టింది మూడు వేలు. కాబట్టి పాతిక లక్షలు కోరినా జిల్లా కమిషనే, ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. కిరాయి ఫోన్‌పే ద్వారా పంపి ఉంటే ఆ స్క్రీన్‌షాట్ రశీదుతో సమానం. నగదు ఇచ్చి ఉంటే మిగిలిన ముగ్గురి ప్రమాణ పత్రాలు తీసుకోండి. చనిపోయిన వ్యక్తి వారసులు కూడా ఇదే దారిలో వెళ్లవచ్చు.

రెండోది సివిల్ దావా. నిజాయతీగా చెప్పాలంటే, పడవ యజమానికి ఆ పడవ, వల తప్ప మరో ఆస్తి ఉండకపోవచ్చు. అతని మీద పది లక్షల తీర్పు తెచ్చుకుంటే ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించుకోవడమే. ఇంజను బోట్లకు బీమా తప్పనిసరి అని చట్టం చెబుతుంది. బీమా ఉంటే కంపెనీని కూడా పార్టీగా చేర్చండి. లేకపోతే జీతం వచ్చే మనిషి నడిపినతనే. అతను సేవ అమ్మినవాడు కాదు కాబట్టి వినియోగదారుల కమిషన్‌లో అతని మీద నిలవదు, సివిల్ కోర్టులోనే వేయాలి. మరణించినవారి భార్య, పిల్లలు, తల్లిదండ్రులు 1855 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం కింద దావా వేయవచ్చు, అదీ మరణించిన రోజు నుంచి రెండేళ్లలోపే. వయసు, సంపాదన, ఆధారపడినవారి సంఖ్య చూసి రోడ్డు ప్రమాదాల్లో వేసే లెక్కనే ఇలాంటి కేసుల్లోనూ కోర్టులు ఆసరాగా తీసుకుంటాయి. కోర్టు ఫీజు భారమైతే నిర్ధన దావాగా, అంటే ముందు ఫీజు కట్టకుండా వేసే దావాగా, అనుమతి కోరవచ్చు. మహిళ అయితే ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఆ సహోద్యోగి భార్యకో తల్లికో ఈ మాట చేరవేయండి.

మీ తమ్ముడు కూడా తాగి ఉన్నాడన్న విషయం దాచవద్దు. ఆసుపత్రి రికార్డులో అది ఉండే ఉంటుంది. దాచి దొరికిపోతే మిగిలిన నిజాలను కూడా కోర్టు అనుమానిస్తుంది. తాగి పడవ ఎక్కడం, తాగినవాడు నడుపుతుంటే అడ్డుకోకపోవడం కారణంగా పరిహారంలో కొంత భాగం కోత పడవచ్చు. పూర్తిగా పోదు. వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటే మాత్రం జాగ్రత్తగా చదవండి, మత్తులో జరిగిన ప్రమాదాలకు చెల్లించబోమన్న షరతు చాలా పాలసీల్లో ఉంటుంది.

చివరి ప్రశ్న: లైసెన్సు తప్పనిసరి చేయకూడదా? చేశారు. ఎప్పుడో చేశారు. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్గత నౌకల చట్టం 2022 జూన్‌లో అమలులోకి వచ్చింది. ఇంజనుతో నడిచే బోటుకు రిజిస్ట్రేషన్, సర్వే, బీమా కావాలి. నడిపే సరంగుకు, ఇంజను చూసేవారికి అర్హత ధ్రువపత్రం కావాలి. బోటు భద్రత మీద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అదే ఏడాది నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో అనుమతి లేని ప్రైవేటు బోటు మునిగి 20 మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలోకి 77 మందితో బోటును వదిలారు, 26 మందే బతికారు. 2023 మే 7న కేరళలోని తానూర్‌లో 22 మంది చనిపోయారు. అది చేపల పడవను మార్చి విహారానికి తిప్పిన బోటు. 2024 జనవరి 18న వడోదర హర్ణీ చెరువులో 12 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు. ఇవన్నీ చట్టం లేక జరిగినవి కావు. రేవులో నిలబడి బోటును ఆపేవారు లేక జరిగినవి.

అయినా నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతాను. డబ్బు తీసుకుని మనుషులను ఎక్కించే ప్రతి ఇంజను బోటుకు, సొంత సరదాకు కొన్న స్పీడ్‌బోటుకు కూడా నడిపేవాడి పరీక్ష ఉండాలి. కానీ పులికాట్‌లో చిన్నప్పటి నుంచి గెడ వేసి పడవ నడిపే మత్స్యకారుడిని ఇంగ్లిషు దరఖాస్తుతో, దూరపు ఆఫీసుతో వేధించకూడదు. ఇరకం దీవిలో ఉండేవారికి పడవే బస్సు. ఇంజను లేని పడవల నమోదును స్థానిక సంస్థలకు అప్పగించే వీలు చట్టంలోనే ఉంది. రేవు దగ్గరే తెలుగులో, తమిళంలో నోటి పరీక్ష పెట్టి కార్డు ఇస్తే చాలు.

లైసెన్సు ఉన్నవాడు తాగడు అన్న భ్రమ మాత్రం నాకు లేదు. మన రోడ్లమీద రాత్రిపూట పట్టుబడేవారిలో లైసెన్సులు ఉన్నవారూ ఉంటారు. అందుకే లైసెన్సుకంటే ముందు కావలసింది నీటి మీద కూడా 185 వంటి సెక్షన్. అమెరికాలో సరదా బోటు నడిపేవారికి కూడా రక్తంలో మద్యం 0.08 శాతం అని కేంద్ర పరిమితి ఉంది. ప్రాణాంతక బోటు ప్రమాదాల్లో తెలిసిన కారణాలలో మద్యానిదే మొదటి స్థానమని అక్కడి కోస్ట్ గార్డ్ ఏటేటా చెబుతోంది. మన దగ్గర రేవులో ఒక కానిస్టేబులు, ఒక బ్రీత్ ఎనలైజర్, ఎక్కేముందు ఊదమనే అధికారం ఉంటే ఆ రోజు మీ తమ్ముడి పడవ కదిలేదే కాదు.

ఇప్పుడు ఆ లక్ష సంగతి. మరణానికి సంబంధించిన కేసులో మీరు సంతకం పెట్టినంత మాత్రాన రాజీ కుదరదు. ఆ కాగితం వల్ల వారికి కలిగే లాభం వేరే: రేపు సివిల్ కోర్టులో 'పూర్తి పరిహారం ముట్టింది' అని చూపిస్తారు. ఆపరేషను ఖర్చుల కోసం డబ్బు తీసుకోక తప్పని పరిస్థితి ఉంటే తీసుకోండి, బ్యాంకు ద్వారానే తీసుకోండి. రశీదులో 'వైద్య ఖర్చుల నిమిత్తం తాత్కాలికంగా. మిగతా పరిహారం కోరే హక్కుకు, క్రిమినల్ కేసుకు దీనితో సంబంధం లేదు' అని రాసి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. అలా రాయడానికి వారు ఒప్పుకోకపోతే, ఆ లక్ష ఎందుకు ఇవ్వజూపారో మీకు అర్థమైనట్లే.