జానకీ అమ్మాళ్, తియ్యని చెరకు: సమాధానం

మీ పాప ప్రసంగంలో ‘తియ్యని చెరకును కనిపెట్టింది వృక్షశాస్త్రవేత్త జానకీ అమ్మాళే’ అని రాయవచ్చా అని అడిగారు. అలా రాయకండి. పేరుపొందిన కో 205 అనే చెరకు రకం 1918 నాటికే వచ్చేసింది, అది చెరకు శాస్త్రవేత్తలు బార్బర్, వెంకటరామన్ గార్ల కృషి. ఈవిడ కోయంబత్తూరు చెరకు కేంద్రంలో చేరింది 1934లో. అక్కడ ఆవిడ చేసింది నాకైతే ఇంకా అబ్బురం: చెరకును మొక్కజొన్నతోనూ ఇతర గడ్డిజాతులతోనూ సంకరం చేసి, ఆ మొక్కల క్రోమోజోములను (కణాల్లో వంశలక్షణాలను మోసే పోగులను) సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టారు. ఎంత ఓపిక కావాలో! ఆ నైపుణ్యంతోనే ఇంగ్లండులో జన్యుశాస్త్రవేత్త డార్లింగ్టన్‌తో కలిసి 1945లో సాగుమొక్కల క్రోమోజోమ్ అట్లాస్, అంటే ఏ మొక్కకు ఎన్ని క్రోమోజోములో చెప్పే పుస్తకం, తెచ్చారు. ప్రసంగానికి ఇదే గుండెకాయ.

మిగతావి: పుట్టింది 1897లో కేరళలోని తెల్లిచేరిలో, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం డాక్టరేట్ 1931, పద్మశ్రీ 1977. 80 ఏళ్లు దాటాక కూడా ఆనకట్ట ముప్పు వచ్చిన కేరళ సైలెంట్ వ్యాలీ అడవి కోసం నిలబడ్డారు. పాపను ఆ అడవి కథతోనే ప్రసంగం మొదలుపెట్టమనండి.