పెద్ద కిరణ్ జెట్ మోడల్‌కి టర్బైనా, ఫ్యానా?

హైదరాబాద్‌లో రెండు మీటర్ల కిరణ్ జెట్ (మన వైమానిక దళ శిక్షణ విమానం) మోడల్, రిమోట్‌తో ఎగిరేది, కడుతున్నాను, టర్బైన్ (చిన్న జెట్ ఇంజన్) పెట్టాలా, ఎలక్ట్రిక్ ఫ్యానా అని అడిగారు. మొదటి జెట్ అయితే ఫ్యానే మేలు. టర్బైన్ మోత, కిరోసిన్ వాసన అచ్చం అసలు విమానమే, కాదనను. కానీ లక్షకు పైగా ఆర్‌పీఎంతో తిరిగే ఆ ఇంజన్ రిమోట్ మీద థ్రాటిల్ స్టిక్ తోసిన వెంటనే అందుకోదు, కొన్ని సెకన్లు తీసుకుంటుంది. ల్యాండింగ్‌లో స్పీడు పడిపోయాక థ్రాటిల్ గుర్తొస్తే లాభం లేదు. పైగా వెనక వేడికి బాల్సా (మోడల్ కట్టే తేలిక చెక్క) ఆగదు, రెండు పొరల స్టీలు గొట్టం వేయాలి.

ఏది పెట్టినా బరువు కేంద్రం ప్లానులో గీసిన చోటే రావాలి. ముక్కులో సీసం కుక్కేముందు బ్యాటరీని ముందుకు జరిపి చూడండి.

బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ చుట్టూ ఆంక్షలున్నాయి కాబట్టి ఎగరేసే చోటు ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాప్‌లో ముందే చూసుకోండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం మోడల్ బరువు 25 కిలోలు దాటకూడదు.